మోటారుకారు వాకిటి దీపము

చీకటివేళ బండి చప్పుడు వినబడగానే లాంతరు పట్టుకొని అతిథి కెదురేగుట మన మర్యాద. నేడు కొన్ని మోటారుకార్లు తమంతట తామే ఈ పని చేయుచున్నవి. దీని పూర్వకథ వినుడు.

తొలినాటి కార్లకు నూనె దీపములో, కార్బైడుపై నీరు పడగా బుట్టు ఎసిటిలీను వాయువుతో వెలుగు దీపములో యుండెడివి. వానిని మనుష్యుడే అగ్గిపుల్లతో ముట్టింపవలెను. 1912 నాటి క్యాడిలాక్ కార్లకు అమెరికా దేశీయుడగు చార్లెస్ కెట్టరింగు విద్యుద్దీపములను, ఇంజనును విద్యుత్తుతో కదలించు సాధనమును సమకూర్చెను. పిమ్మట తలుపు తెఱవగానే లోపలి దీపము వెలుగునట్లు మీట యమరెను. తుదకు తాళపుచెవిలోనే చిన్న రేడియో చేరెను. యజమాని సమీపింపగా దాని సంకేతమును కారు గుర్తించి దీపములు వెలిగించును. బ్యాటరీ క్షీణింపకుండ కొలదిసేపటికే ఆర్పివేయును.

రాత్రివేళ మారేడుమిల్లి ఘాటు దిగి చింతూరు చేరినవారికి కాలు మోపుచోట పామున్నదో, గుంట యున్నదో తెలియుట చిన్న మేలు కాదు. అయినను ఆ దీప మెఱుగునది తాళపుచెవిని మాత్రమే. చెవి దొంగ చేత జిక్కినను అదే స్వాగత మిచ్చును. వచ్చినవా రెవరో చూచి, మంచిచెడ్డ లడుగు దీపము మన చేతిలోనిదే. దానిని దించకుడు.