తెర వచ్చిన ఇంటికి యంత్రం వచ్చిన కథ

హైదరాబాదుకు కంప్యూటర్ ఎప్పుడు వచ్చిందని అడిగితే చాలామంది 1998 అని, హైటెక్ సిటీ అని చెబుతారు. ఉద్యోగాల లెక్కకు ఆ జవాబు సరిపోతుందేమో గాని, యంత్రం లెక్కకు సరిపోదు. ఈ నగరంలో కంప్యూటర్ల తయారీ అంతకు దాదాపు ముప్పై ఏళ్ళ ముందే మొదలైంది. అయినా ఆ యంత్రం సామాన్యుల గడప దాటి లోపలికి రావడానికి చాలా కాలం పట్టింది. ఎందుకంత కాలం పట్టింది, చివరికి ఏ రూపంలో వచ్చింది అన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న విషయం. ఒకే పలక మీద ఇమిడిపోయిన చిన్న కంప్యూటరును ఇంట్లో అమర్చుకోవాలనుకునే వారికి పనికివచ్చే మాటలు కొన్ని దారిలోనే దొర్లుతాయి.

నేనుండేది ఫిల్మ్‌నగర్‌లో. ఒకప్పుడు మద్రాసులో ఉన్న తెలుగు చిత్రపరిశ్రమ నెమ్మదిగా తరలివచ్చి ఈ రాతిగుట్టల మీద స్థిరపడింది. రామానాయుడు స్టూడియో ఇక్కడే ఉంది. జూబ్లీహిల్స్‌ను ఆనుకుని ఉన్న బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో 1976లో మొదలైంది. ఇది నగరానికి పడమటి కొస. మన కథలో సగం ఈ కొసన ఉంటే, మిగతా సగం ఈశాన్యపు కొసన, నేటి ఏ.ఎస్.రావు నగర్ పరిసరాలలో ఉంది.

ఆ పేటకు పేరిచ్చిన ఏ.ఎస్.రావు గారు, అంటే అయ్యగారి సాంబశివరావు గారు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన శాస్త్రవేత్త. 1967 ఏప్రిల్ 11న ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను, మన నోట నలిగిన పేరుతో చెప్పాలంటే ఈసీఐఎల్‌ను, నిలబెట్టినవారు ఆయనే. ట్రాంబే అణుపరిశోధన కేంద్రంలో సాగిన కృషి ఆధారంగా 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ వెలువడింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 12 అన్నది ఆ యంత్రం ఒక్కసారికి ఎన్ని బిట్లు పట్టుకోగలదో చెప్పే సంఖ్య. తరువాత 1970ల నడుమ టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. బీరువాలంత ఉండే ఆ యంత్రాలు పరిశోధనశాలలకు, పెద్ద సంస్థలకు వెళ్ళాయి. వాటిని ఇంట్లో పెట్టుకోవాలన్న ఊహ ఆనాడు ఎవరికీ వచ్చి ఉండదు.

అయితే అదే ఈసీఐఎల్ మరొక వస్తువు కూడా తయారుచేసింది. అది టెలివిజన్. 1977లో హైదరాబాదు దూరదర్శన్ ప్రసారాలు మొదలైనాక ఈసీ టీవీ ఉన్న ఇల్లు వీధికంతటికీ చుట్టాలిల్లు అయిపోయింది. గుట్టమీది స్టూడియోల్లో తీసిన సినిమా, నగరం ఆ కొసన తయారైన పెట్టెలో కనబడేది. రెండు కొసలూ మన ముందుగదిలో అలా కలిశాయి. ఒకే సంస్థ చేసిన రెండు వస్తువులలో చూపించేది ఇంటికి వచ్చింది, చెప్పినట్టు చేసేది ప్రయోగశాలలో ఉండిపోయింది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, తరువాతి రెండు తరాల అలవాట్లను నిర్ణయించింది అదేనని నా అభిప్రాయం.

అన్నపూర్ణ స్టూడియో మొదలైన ఆ 1976లోనే అమెరికాలో ఒక చిన్న పలక అమ్మకానికి వచ్చింది. మోస్ టెక్నాలజీ అనే సంస్థ అంతకు ముందటి ఏడు 6502 అనే సూక్ష్మగణకాన్ని 25 డాలర్లకే అమ్మి సంచలనం రేపింది. ఆ చిప్పు ఎలా పనిచేస్తుందో ఇంజినీర్లకు చూపడానికి కిమ్-1 అనే పలకను తయారుచేసింది. దాని వెల 245 డాలర్లు. దానికి తెర లేదు. ఆరు అంకెలు వెలిగే చిన్న గవాక్షం, 23 మీటలు, సుమారు ఒక కిలోబైటు జ్ఞాపకం, అంతే. ఇంజినీర్ల కోసం చేసిన ఆ పలకను ఔత్సాహికులు కొనుక్కుపోయారు. అదే ఏడు వచ్చిన మొదటి ఆపిల్ కూడా ఒట్టి పలకే. పెట్టె, మీటల పలక, విద్యుత్ సరఫరా కొన్నవారే సమకూర్చుకోవాలి. అంటే ఇంటి కంప్యూటర్ పుట్టుకలోనే విప్పి ఉన్న వస్తువు. పెట్టెలో మూసిపెట్టడం తరువాత వచ్చిన ఆచారం.

మన దగ్గర కూడా అటువంటి పలకలు లేకపోలేదు. ఇంజినీరింగ్ చదివినవారికి 8085 కిట్ అంటే చాలు, ప్రయోగశాల కళ్ళముందు మెదులుతుంది. చెక్కపెట్టెలో అమర్చిన పచ్చని పలక, పదహారు అంకెల మీటలు, నాలుగు అంకెలలో చిరునామా, రెండు అంకెలలో విలువ చూపే ఎర్రని గవాక్షం. దానికి భాషలంటే తెలియదు. సంకేతాల పుస్తకంలో వెదికి ఒక్కొక్క అంకె నొక్కాలి. 80 నొక్కితే ఏ గదిలోని సంఖ్యకు బీ గదిలోని సంఖ్యను కూడుతుంది. 76 నొక్కితే ఆగుతుంది. రెండు సంఖ్యలు కూడడానికి ఇంత తతంగమా అని విసుక్కున్నవాళ్ళే, జవాబు సరిగా వెలిగినప్పుడు పక్కవాణ్ణి పిలిచి చూపించేవారు. కాని ఆ పలక కళాశాల ఆస్తి. గంట కాగానే బీరువాలోకి వెళ్ళి తాళం పడేది. చెడగొడితే ఏమవుతుందో అన్న భయం, నేర్చుకోవాలన్న కోరిక కంటే ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉండేది.

ఇంతలో బ్రిటన్‌లో మరొక దారి ఏర్పడింది. అక్కడి ప్రసార సంస్థ బీబీసీ ప్రజలకు కంప్యూటర్ నేర్పాలని పూనుకుని, ఎకార్న్ అనే కేంబ్రిడ్జి సంస్థ చేత ఒక యంత్రం చేయించింది. 1981 చివరలో వచ్చిన ఆ బీబీసీ మైక్రోలోనూ ఉన్నది 6502 చిప్పే. దానిని ఇంట్లోని టీవీకి తగిలించవచ్చు. మీట వేయగానే బేసిక్ భాష సిద్ధంగా ఉండి, ఏం చేయమంటారని అడుగుతున్నట్టు ఎదురుచూసేది. మన దేశంలో 1984లో మొదలైన 'క్లాస్' పథకం కింద సుమారు 250 పాఠశాలలకు చేరిన యంత్రాలు ఇవే. ఆ నవంబరులో ప్రకటించిన కొత్త కంప్యూటర్ విధానంతో దిగుమతుల మీది కట్టుబాట్లూ సడలాయి. అయినా దేశమంతటికీ ఆ 250 బడులు ఏ మూలకు వస్తాయి? మన ఇళ్ళలో తెర మాత్రం మునుపటిలాగే సినిమాలు చూపుతూ ఉండిపోయింది.

1990లలో కంప్యూటర్ ఎట్టకేలకు ఇంటికి వచ్చింది, కాని పెట్టెలో వచ్చింది. ఖరీదైన వస్తువు కాబట్టి పైన గుడ్డ కప్పి, పిల్లలను ముట్టుకోవద్దనేవాళ్ళం. అమీర్‌పేట శిక్షణాలయాలలో భాషలు నేర్చుకున్న మన పిల్లలు ప్రపంచమంతటా ప్రోగ్రాములు రాశారు. అది తక్కువ విషయం కాదు. కాని వారిలో ఎందరో ఆ ప్రోగ్రాము ఏ తీగ గుండా వెళ్ళి ఏ దీపాన్ని వెలిగిస్తుందో ఒక్కసారైనా చేతితో తాకి చూడలేదు. ఇది మన ఒక్కరి కొరత కూడా కాదు. 2006 ప్రాంతంలో కేంబ్రిడ్జిలో పాఠాలు చెబుతున్న ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు ఇదే గమనించారు. కంప్యూటర్ శాస్త్రం చదవడానికి వచ్చేవారు తగ్గుతున్నారు, వచ్చినవారికి యంత్రంతో పూర్వపు చనువు లేదు. బీబీసీ మైక్రో వంటి విప్పారిన యంత్రాలు ఇళ్ళలోంచి మాయమై, ఆటల పెట్టెలు ఆ చోటు ఆక్రమించడమే కారణమని వారికి తోచింది.

వారి ప్రయత్నం ఫలించి 2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెర్రీ పై వెలువడింది. ఏటీఎం కార్డంత పలక, 256 మెగాబైట్ల జ్ఞాపకం, విడుదలనాటి ధర 35 డాలర్లు. కిమ్-1 జ్ఞాపకానికి ఇది రెండు లక్షల అరవై వేల రెట్లు, ధర ఏడవ వంతు. దాని రకాలకు పెట్టిన ఏ, బీ అన్న పేర్లు బీబీసీ మైక్రో నుంచి తీసుకున్నవే. దాని గుండె అయిన ఆర్మ్ చిప్పు వంశం కూడా అదే ఎకార్న్ సంస్థలో 1985లో మొదలైంది. ఇంటికి దూరమైన యంత్రం తన వంశాన్ని చెప్పుకుంటూ తిరిగివచ్చిందని అనుకోవచ్చు. 2015లో వచ్చిన పై జీరో వెల అయిదే డాలర్లు. దానిని ఒక పత్రిక సంచికతో పాటు ఉచితంగా పంచిపెట్టారు.

ఇక ఇంట్లో అమర్చడం. పలక కాక కావలసినవి నాలుగు: 5 వోల్టుల సరఫరా, మైక్రో ఎస్‌డీ కార్డు, హెచ్‌డీఎంఐ తీగ, మీటల పలకతో పాటు ఒక మౌస్. తెర కొననక్కరలేదు, ఇంట్లో టీవీ ఉన్నది కదా! సరఫరా విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. ఫోను చార్జరు చాలదు. శక్తి చాలకపోతే తెర మూల చిన్న మెరుపు గుర్తు కనిపిస్తుంది. నాలుగో తరం పలకకు 5 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు, అయిదవ తరానికి 5 ఆంపియర్లు ఇచ్చే సరఫరా సిఫారసు చేస్తారు. మరొక కంప్యూటర్ సాయంతో కార్డు మీద లినక్స్ ఆధారిత వ్యవస్థను ఎక్కించి, కార్డు పలకలో దూర్చి, చివరగా విద్యుత్తు ఇవ్వాలి. ఆపేటప్పుడు తెర మీద చెప్పి ఆపాలే గాని తీగ లాగకూడదు, కార్డు మీది రాత పాడవుతుంది.

మా పక్కింటి కుర్రవాడు తొమ్మిదో తరగతి. మా టీవీ వెనుక ఈ పలకను చూసి, "ఇందులో సినిమాలొస్తాయా బాబాయ్?" అన్నాడు.

"వస్తాయిరా. కాని ముందు నువ్వు దీనికి ఒక పని చెప్పు. ఆ తరువాత అది నీకు సినిమా చూపిస్తుంది" అన్నాను.

ఫిల్మ్‌నగర్ పిల్లవాడు ఆ ప్రశ్న అడగడంలో వింతేమీ లేదు. మూడు తరాలుగా మన తెర నేర్పిన ప్రశ్న అది. వాడి చేత చేయించిన పని ఇది: పలక అంచున నలభై పిన్నులున్నాయి. ఆరవది భూమి, పదకొండవది ప్రోగ్రాముకు లొంగేది. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న ఎర్రని ఎల్‌ఈడీని, 330 ఓముల నిరోధకాన్ని వరుసగా కలిపి ఆ రెండింటి నడుమ తగిలించాడు. నిరోధకం లేకపోతే దీపమూ పలకా రెండూ దెబ్బతింటాయి. ఈ పిన్నులు 3.3 వోల్టులకు మించి భరించలేవు కనుక, పక్కనే ఉన్న 5 వోల్టుల పిన్నుతో జాగ్రత్త. పైథాన్ భాషలో నాలుగు పంక్తులు రాసి మీట నొక్కగానే దీపం వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగింది. వాడు ఆ నాలుగు పంక్తులలోని అంకె మార్చి తొందరగా వెలిగించాడు, మరోసారి మార్చి నెమ్మదిగా వెలిగించాడు. సినిమా సంగతి ఆ సాయంత్రం మళ్ళీ ఎత్తలేదు.

తెలుగు అభిమానులకు ఇక్కడొక మాట చెప్పాలి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి ప్రతిలోనే మన లిపికి చోటు దక్కింది. ఈ చిన్న పలక మీద కూడా పోతన, వేమన ఖతులు ఉచితంగా దిగుతాయి, ఇన్‌స్క్రిప్టు అమరికతో తెలుగు టైపు చేయవచ్చు. 2008లో వచ్చిన పైథాన్ మూడవ రూపం నుంచి పేర్లను ఏ లిపిలోనైనా పెట్టవచ్చు. కనుక ఆ కుర్రవాడు తన దీపానికి 'దీపం' అనే పేరు పెట్టాడు, యంత్రం ఒప్పుకుంది. ఆజ్ఞలు ఇంగ్లీషులోనే ఉంటాయనుకోండి. ఒక చిక్కు మాత్రం గుర్తుంచుకోవాలి. 'ఫిల్మ్‌నగర్' వంటి మాటలలో పొల్లు నిలబెట్టడానికి మనం వాడే కంటికి కనబడని అక్షరాన్ని పైథాన్ పేర్లలో అనుమతించదు. తప్పెక్కడో కనబడదు, ప్రోగ్రాము కదలదు. అటువంటి పేర్లు పెట్టకుండా ఉండడం మేలు.

ఇదంతా చూసి, చిన్న దీపం వెలిగించడానికి ఇంత చరిత్ర దేనికని చదువరులు అడగవచ్చు. సినిమా రంగాన్నే తీసుకోండి. ఈ గుట్ట మీద ఎవరూ సినిమాలు చూసి మాత్రమే ఛాయాగ్రాహకులు కాలేదు. సహాయకులుగా చేరి, దీపాలు మోసి, కెమెరా విప్పి తుడిచి నేర్చుకున్నారు. చేతికి అందనిదే విద్య రాదన్న సంగతి ఇక్కడి వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. కంప్యూటర్ విషయంలో మనకు లోపించింది ఆ సహాయకుడి దశ. ఈసీఐఎల్ యంత్రాలలో ప్రతిభ ఉంది, 8085 కిట్‌లో పాఠం ఉంది, కాని పొరపాటు చేసినా కొంప మునగని ధర, సొంతమన్న ధీమా వాటిలో లేవు. అవి రెండూ ఉన్నది ఈ చిన్న పలకలో.

2023 మార్చిలో రాయదుర్గంలో టీ-వర్క్స్ మొదలైంది. వస్తువుల తొలి నమూనాలు తయారుచేసుకోదలచిన వారికి యంత్రాలు అందుబాటులో ఉంచిన చోటు అది, జూబ్లీహిల్స్‌కు దగ్గరే. అంతటి చోటికి వెళ్ళి ఏం చేయాలో తెలియాలంటే, ముందు ఇంటి బల్ల మీద చేయి తిరగాలి. అందుకు మన ముందుగదిలోని తెరకు మరొక తీగ తగిలిస్తే చాలు. సెలవులలో పిల్లలకు ఏం కొనిపెట్టాలా అని ఆలోచిస్తున్నవారు ఈ సంగతి ఒకసారి మనసులో పెట్టుకోవాలని నా మనవి.