సైతాను వంతెన, జరావాల రోడ్డు

మా మేనల్లుడు మొన్న వేసవిలో స్విట్జర్లాండులో ఆల్ప్స్ కొండల మీదుగా కారు నడిపాడు. గోట్‌హార్డ్, ఫుర్కా, గ్రిమ్‌సెల్ కనుమలు దాటుతూ ఫోటోలు పంపాడు. వాటిలో ఒకటి షోలెనెన్ లోయలోని సైతాను వంతెన. దాని కథ కూడా రాశాడు. అక్కడ వంతెన కట్టడం మనుషుల వల్ల కాలేదట. నేను కట్టిపెడతాను, మొదట దాటిన ప్రాణి నాది అన్నాడట సైతాను. ఊరివాళ్ళు తెలివిగా ఒక మేకను తోలారట. కోపమొచ్చి సైతాను విసరబోయిన బండ ఇదేనని ఒక రాయిని కూడా చూపిస్తారు. 1977లో మోటారు రోడ్డుకు అడ్డం వచ్చిందని ఆ రాయిని సుమారు 3 లక్షల ఫ్రాంకులు ఖర్చుపెట్టి 127 మీటర్లు జరిపారు. రక్షణ శాఖ లెక్కల్లో బతుకు గడిపినవాణ్ణి కదా, ఆ ఖర్చు ఏ హెడ్డు కింద రాశారో చూడాలని నా కుతూహలం.

చివర్లో ఇలా రాశాడు: "మావయ్యా, డిసెంబరులో మీ దగ్గరికి వస్తున్నాం. మీకూ ఒక అందమైన రోడ్డుందట, దాని మీద తిప్పాలి."

ఉంది. నేను ఉండే గరాచర్మ పోర్ట్ బ్లెయిర్‌ను ఆనుకునే ఉంటుంది (2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం). ఇక్కడి నుంచి అండమాన్ ట్రంక్ రోడ్డు ఉత్తరాన డిగ్లిపూర్ దాకా దాదాపు 330 కి.మీ. పోతుంది. మంచు లేదు, కనుమలు లేవు. దట్టమైన అడవి, మడ చెట్లు, మధ్యలో సముద్రపు పాయలు. అందమైన దారే, కాదనను. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నీ ఆగి, పోలీసు కాపలాతో వరుసగా కదలాలి. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ రేవు వరకు దాదాపు 50 కి.మీ. జరావాల రిజర్వు అడవి. ఆగకూడదు, ఫోటో తీయకూడదు.

ఈ రోడ్డుకూ ఒక కథ ఉంది. ఆ వరుసలో టీ తాగుతూ ఎవరినడిగినా చెబుతారు. ఎప్పుడో పోర్చుగీసువాళ్ళ ఓడ ఒకటి ఇక్కడ పగిలిందట. అందులోని ఆఫ్రికా బానిసలు ఒడ్డుకు చేరి జరావాలయ్యారట. మనుషుల్ని తినేవారట కూడా. ఈ దీవుల్లో 2011 లెక్కల ప్రకారం 13 శాతం పైగా తెలుగు మాట్లాడేవాళ్ళం. మనవాళ్ళూ ఇదే చెబుతారు. ఉద్యోగరీత్యా ఇక్కడికొచ్చిన కొత్తలో నేనూ చాలామందికి చెప్పాను.

గుమాస్తా బుద్ధితో తేదీలు చూస్తే చాలు. వాస్కోడగామా కాలికట్ చేరింది 1498లో. అండమాన్‌లో ఉంగరాల జుట్టు నల్లని మనుషులున్నారని క్రీ.శ. 851 నాటి అరబ్బీ ప్రయాణ వృత్తాంతంలోనే ఉంది. అంటే సరుకు వచ్చిన 647 ఏళ్ళకు ఓడ వచ్చిందన్నమాట! ఇలాంటి బిల్లు ఏ ఆడిటరూ పాస్ చెయ్యడు. ఆ వృత్తాంతమే వీళ్ళు మనుషుల్ని తింటారని కూడా అంటుంది కదా, అది నమ్మవద్దా అని అడగవచ్చు. జుట్టు, రంగు ఓడ మీద నుంచి కనబడతాయి. తిండి సంగతి విన్నమాట. మార్కోపోలో ఇంకో అడుగు వేసి వీళ్ళకు కుక్క తలలున్నాయన్నాడు. 19వ శతాబ్దంలో ఈ తెగల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసిన మాన్, పోర్ట్‌మన్ అనే ఇంగ్లీషు అధికారులిద్దరూ నరమాంసం మాట అబద్ధమని రాశారు.

పోర్చుగీసు కాకపోతే అరబ్బుల ఓడ అయి ఉంటుందని నా పాత సహోద్యోగి ఒకాయన సర్దాడు. దానికి జవాబు మన హైదరాబాదులోనే దొరికింది. సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్ బృందం 2003లోనూ 2005లోనూ అండమాన్ తెగల డీఎన్ఏ మీద వ్యాసాలు ప్రచురించింది. వీళ్ళు ఆఫ్రికా జనం కంటే ఆసియా జనానికే దగ్గర, వీళ్ళ శాఖ విడిపోయి వేల తరాలయింది. ఎన్ని వేల ఏళ్ళన్న దానిపై తర్వాత ఇతర శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు, ఇంత పాత కాదన్నారు. ఆ తగువు ఎలా తేలినా ఓడ మాత్రం మునిగినట్టే.

అయినా కథ చావలేదు. ఎందుకంటే అది పనికొస్తుంది. వాళ్ళూ ఎక్కడి నుంచో కొట్టుకొచ్చినవాళ్ళే అయితే అడవి మీద వాళ్ళ హక్కేమిటి, మనమూ వచ్చాం, రోడ్డూ వచ్చింది అని సరిపెట్టుకోవచ్చు. కానీ రిజర్వు ప్రకటించింది 1957లో. దాని గుండా రోడ్డు పని సాగింది 1970లలో. ఇక్కడా తేదీలే సాక్ష్యం.

1858 నాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు బయటి రోగాలతో, ముఖ్యంగా 1877 తట్టుతో నశించి, ఇప్పుడు యాభై చిల్లర మిగిలారు. జరావాలు 2011లో 380 మంది. వాళ్ళు 1997 అక్టోబరు నుంచి పగటిపూట బయటికి రావడం మొదలుపెట్టారు. 1998లో శ్రీకాకుళం నుంచి వచ్చిన మా చుట్టాల్ని నేను ఈ దారిన బస్సులో తీసుకెళ్ళాను. రోడ్డు పక్కన ఇద్దరు పిల్లలు కనబడితే మావాళ్ళు కిటికీలోంచి బిస్కట్ పాకెట్లు విసిరారు. కొనిచ్చింది నేనే. నవ్వింది కూడా నేనే. మరుసటి ఏడాది జరావాల్లో తట్టు వచ్చింది. మా పాకెట్ వల్ల వచ్చిందని అనలేను, రాలేదని నిరూపించే కాగితమూ నా దగ్గర లేదు.

రిజర్వులోంచి పోయే భాగాన్ని మూసెయ్యమని సుప్రీంకోర్టు 2002 మే 7న ఆదేశించింది. మూయలేదు. 2012లో జరావా ఆడవాళ్ళను తిండి ఆశ చూపి ఆడించిన వీడియో లోకమంతా చూసింది. 2013 జనవరిలో కోర్టు టూరిస్టుల్ని ఆపింది, మార్చిలో ఆ ఆంక్ష పోయింది. రంగత్, మాయాబందర్ వైపు రోగికీ, కూరగాయల లారీకీ ఇదే దగ్గర దారి అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. టూరిస్టు బస్సు రోగి కాదు. బారాటాంగ్ గుహలు చూడాలనుకునేవాళ్ళకు 2017లో సముద్రం దారి కూడా తెరిచారు.

మేనల్లుడికి ఇదంతా రాశాను. మీ సైతాను వంతెన మీద మేకనెవరూ అడగలేదు, ఇక్కడా అంతే, పడవలో పోదాం అన్నాను. పిల్లలకు సముద్రం పడదేమో కనుక్కుని చెబుతానన్నాడు. ఇంకా జవాబు రాలేదు.