బస్తర్ సంతలో సల్ఫీ, ఇప్పసారా

మహానగరాల్లో కాక్‌టెయిల్‌కు బార్లుంటే, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో తిని తాగి కబుర్లాడే చోటు వారపు సంతే. అక్కడ చెట్ల నీడన ఆదివాసీ మహిళలు మూడు పానీయాలు అమ్ముతారు: సల్ఫీ, లాందా, ఇప్పసారా. ఆకు దొప్పలే గ్లాసులు. నంజుకోవడానికి ఎర్రచీమలను, వాటి గుడ్లను మిరపకాయలు, ఉప్పుతో కలిపి నూరిన చాప్‌డా పచ్చడి ఉంటుంది.

లాందా బియ్యప్పిండిని ఉడికించి పులియబెట్టినది. ఇప్పసారా ఎండిన ఇప్పపూలను పులియబెట్టి బట్టీ పెట్టి తీసినది. సల్ఫీ మరేదో కాదు, మన మన్యంలోని జీలుగు కల్లే. ఉదయం తియ్యగా ఉండి, పొద్దెక్కేకొద్దీ పులిసి మత్తెక్కిస్తుంది.

గీతకు రావడానికి జీలుగు చెట్టుకు దాదాపు పదేళ్లు పడుతుంది. అందుకే చెట్టున్న కుటుంబానికి అదే ఆస్తి. కూతురి పెళ్లికి చెట్టును కానుకగా ఇవ్వడమూ ఉంది. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల సోకే ఎండు తెగులు కొన్నేళ్లుగా ఈ చెట్లను చంపుతోంది. చెట్టు పోతే ఆ ఇంటి సంత రాబడీ పోతుంది.

ఇప్పసారా కథ వేరు. ఆదివాసీలు సొంత వాడకానికి దీన్ని కాచుకోవడానికి చట్టం పరిమితంగా అనుమతిస్తుంది. పొరుగున ఉన్న మధ్యప్రదేశ్ 2021లో దీన్ని ‘వారసత్వ మద్యం’గా అమ్మనున్నట్లు ప్రకటించింది. నాటుసారా అని చిన్నచూపు చూసిన ఈ పానీయం ఇప్పుడు నగరాల బార్లలో కాక్‌టెయిల్‌గానూ దొరుకుతోంది. సల్ఫీకి ఆ దారి కష్టం. గంటల్లోనే పులిసే కల్లును సీసాలో నిలవ ఉంచడం సులభం కాదు.