క్లాసిక్ కార్ల పునరుద్ధరణ

క్లాసిక్ కార్ల పునరుద్ధరణ అనగా ఏళ్ళ తరబడి వాడుకలో లేక షెడ్లలోను, చెట్ల కింద, పాడుబడిన గ్యారేజీలలోను పడి ఉన్న పాత మోటారు కార్లను సేకరించి, వాటిని తయారైన నాటి స్థితికి, లేదా కనీసం రోడ్డు మీద నడిచే స్థితికి తీసుకురావడం. మొదట్లో ఇది కొద్దిమంది ఔత్సాహికుల వ్యాపకం మాత్రమే. పాత కార్ల ధరలు పెరిగిన కొద్దీ ఇది వేలం సంస్థలు, ప్రత్యేక కార్ఖానాలు, మదుపుదారులు పాల్గొనే పెద్ద వ్యాపారమైంది. ధర పెరగడం వల్లనే ఎన్నో కార్లు తుక్కు కాకుండా మిగిలాయి. అదే ధర కొన్ని కార్లకు చేటు కూడా తెచ్చింది.

పేర్లు, నిర్వచనాలు

తెలుగునాట పాత కారు దేనినైనా "వింటేజ్ కారు" అనడం వాడుక. ఐతే ఈ మాటకు ఒక నిర్దిష్టమైన అర్థం ఉన్నది. 1934లో బ్రిటన్‌లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ లెక్క ప్రకారం 1919 నుండి 1930 వరకు తయారైన కార్లే వింటేజ్ కార్లు. "క్లాసిక్" అన్న మాటకు అన్ని దేశాలకూ ఒప్పుదలైన హద్దు లేదు. పాత వాహనాల క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య (ఫీవా, 1966లో స్థాపితం) కనీసం 30 ఏళ్ళ వయసు కలిగి, చరిత్రకు అనుగుణమైన స్థితిలో ఉండి, రోజువారీ ప్రయాణానికి వాడని వాహనాన్ని చారిత్రక వాహనంగా పరిగణిస్తుంది. భారత ప్రభుత్వ నిబంధన వేరు. దానిని గురించి చివరి విభాగంలో చూడవచ్చు.

నిర్లక్ష్యానికి కారణాలు

ఏ కారైనా కొత్తదిగా ఉన్నప్పుడు విలువైనది, పాతబడగానే చవకైనది. తరువాత పదిహేను, ఇరవై ఏళ్ళ పాటు దానిని ఎవరూ పట్టించుకోరు. బాగుచేయించే ఖర్చు కారు ధరను మించిపోతుంది కాబట్టి యజమాని దానిని ఒక మూలకు నెట్టివేస్తాడు. ఎక్కువ కార్లు పాత ఇనుము కొట్లకు చేరేది ఈ దశలోనే. అమూల్యమైన కార్లు సైతం దీనికి మినహాయింపు కాదు.

ఫెరారీ 250 జీటీఓ దీనికి మంచి ఉదాహరణ. 1962–64 మధ్య ఇవి 36 మాత్రమే తయారయ్యాయి. కొత్తలో దీని ధర అమెరికాలో సుమారు 18,000 డాలర్లు. పందేలలో పనికాలం ముగిసిన తరువాత వీటిలో ఒకదానిని దాని యజమాని టెక్సాస్‌లోని ఒక ఉన్నత పాఠశాలకు, పిల్లలు మోటారు పని నేర్చుకొనడానికి, విరాళంగా ఇచ్చాడు. ఆ పాఠశాల 1972లో దానిని 6,500 డాలర్లకు అమ్మివేసింది. కొన్న వ్యక్తి దానిని ఒహాయో రాష్ట్రంలో ఆరుబయట ట్రైలరు మీద పెట్టి ఏళ్ళ తరబడి ఎండకు, మంచుకు వదిలివేశాడు. ఇదే రకానికి చెందిన మరొక కారు 2018లో కాలిఫోర్నియాలో జరిగిన వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు అమ్ముడయింది.

ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరంలో ఒక వైద్యుడు 1937 నాటి బుగాటీ టైప్ 57ఎస్ అటలాంటె కారును 1955లో కొని, కొన్నేళ్ళు నడిపి, తరువాత సుమారు అర్ధ శతాబ్దం పాటు గ్యారేజీలోనే ఉంచాడు. ఆయన మరణానంతరం వారసులు తలుపు తీసి దానిని బయటకు తెచ్చారు. 2009 ఫిబ్రవరిలో పారిస్ వేలంలో అది సుమారు 34 లక్షల యూరోలు పలికింది.

ఫ్రాన్సుకు చెందిన రోజర్ బైయాన్ ఉదంతం ఇంకా పెద్దది. రవాణా వ్యాపారి అయిన ఆయన కార్ల మ్యూజియం పెట్టాలన్న ఆశతో 1950ల నుండి కార్లు సేకరించాడు. 1970లలో వ్యాపారం దెబ్బతిని కొన్ని కార్లను అమ్మవలసి వచ్చింది. మిగిలినవి పొలంలోని రేకుల షెడ్ల కింద తుప్పు పడుతూ ఉండిపోయాయి. 2014లో బయటపడిన సుమారు 60 కార్లను 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో దుమ్ము కూడా తుడవకుండా వేలం వేశారు. పాత పత్రికల కట్టల కింద దొరికిన ఒక ఫెరారీ 250 కాలిఫోర్నియా స్పైడర్‌కు 1 కోటి 63 లక్షల యూరోలు వచ్చాయి. మ్యూజియం మాత్రం ఏర్పడలేదు.

ధరల పెరుగుదల

1980ల చివరిలో పాత ఇటాలియన్ కార్ల మీద, ముఖ్యంగా 1988లో ఎంజో ఫెరారీ మరణించిన తరువాత ఫెరారీల మీద, విపరీతమైన మోజు ఏర్పడింది. అప్పు చేసి కొన్నవారు కూడా ఉన్నారు. 1990 తరువాత ధరలు కుప్పకూలి, అలా కొన్నవారు చాలా నష్టపోయారు. మళ్ళీ కోలుకొనడానికి పదేళ్ళకు పైగా పట్టింది. 2022 మే నెలలో మెర్సిడెస్ బెంజ్ సంస్థ తన వద్ద ఉన్న రెండు 300 ఎస్ఎల్ఆర్ ఉలెన్‌హౌట్ కూపేలలో ఒకదానిని 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్మింది. వేలంలో ఏ కారుకూ అంతకు ముందు ఇంత ధర రాలేదు.

ఈ అంకెలు చూసి ప్రతి పాత కారూ బంగారమని భావించడం పొరపాటు. ధర పెరిగేది అరుదైన వాటికి, పందేల చరిత్ర ఉన్నవాటికి, ఒక తరం వారు చిన్నతనంలో చూసి ఆశపడిన వాటికి. ఆ తరం వారి చేతికి డబ్బు వచ్చే వయసులో ధర పెరుగుతుంది, వారు తప్పుకొన్నాక కొన్ని రకాలకు తగ్గుతుంది కూడా. సాధారణమైన కారును బాగుచేసిన వ్యక్తికి పెట్టిన ఖర్చు తిరిగి రావడం అరుదు.

పునరుద్ధరణ విధానం

చాలాకాలం ఆగి ఉన్న ఇంజనును వెంటనే స్టార్టు చేయడానికి ప్రయత్నించరాదు. పిస్టన్ రింగులు సిలిండరు గోడలకు తుప్పుతో అతుక్కొని ఉంటాయి. బలవంతంగా తిప్పితే అవి విరుగుతాయి. స్పార్కు ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల గుండా నూనె పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, తరువాత చేతితో మెల్లగా తిప్పి చూస్తారు. ట్యాంకులోని పాత పెట్రోలు జిగురుగా మారి ఉంటుంది కాబట్టి ట్యాంకును, గొట్టాలను, కార్బురేటరును విప్పి కడగాలి. బ్రేకులలోని రబ్బరు భాగాలన్నిటినీ, చూడడానికి బాగున్నా సరే, మార్చవలసిందే.

తరువాతిది విప్పడం. విప్పే ముందు ప్రతి భాగానికీ ఫొటో తీసి, విప్పిన బోల్టులను చీటీలు కట్టిన సంచులలో వేస్తారు. ఈ ఓపిక లేకపోవడం వల్లనే చాలా కార్లు సగంలో ఆగిపోతాయి. నాలుగు అట్టపెట్టెలలో విడిభాగాలుగా చేతులు మారే కారు, తుప్పుపట్టినా ఒక్కటిగా ఉన్న కారు కంటే అధ్వాన్నం.

బాడీ పని అన్నిటికంటే ఖరీదైనది. తెలుగునాట దీనిని టింకరింగ్ అంటారు. తుప్పు సాధారణంగా తలుపుల కింది పట్టీలలోను, నేల రేకులోను, చక్రాల పైనుండే మడ్‌గార్డుల అంచులలోను మొదలవుతుంది. అమ్మేవారు దీనిని పుట్టీతో పూడ్చి పైన రంగు వేస్తారు. ఒక చిన్న అయస్కాంతం దగ్గర ఉంటే ఈ మోసం తెలిసిపోతుంది. పుట్టీ మందంగా ఉన్నచోట అయస్కాంతం అంటుకోదు. తుప్పు తిన్న రేకును కోసివేసి, అదే మందం గల కొత్త రేకును అదే వంపుకు సుత్తితో సాగగొట్టి వెల్డింగ్ చేయాలి. 1930లకు ముందరి చాలా కార్లకు రేకు లోపల చెక్క చట్రం ఉండేది. అది పుచ్చిపోతే వడ్రంగి పని కూడా తప్పదు.

విడిభాగాల విషయంలో ఒక కారు చరిత్ర దానికి సాయపడవచ్చు. ఉదాహరణకు అంబాసడర్ కారు బ్రిటన్ వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుండి వచ్చినది. దానిలో చాలాకాలం వాడిన 1489 సీసీ ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్‌కు చెందినది. ఎంజీఏ వంటి స్పోర్ట్స్ కార్లలోనూ ఆ కుటుంబపు ఇంజనే ఉన్నందున కొన్ని భాగాలు ఈనాటికీ విదేశాలలో దొరుకుతాయి. దొరకని వాటిని లేత్ మిషను మీద చేయించుకోవాలి.

ఇంధనం మరొక చిక్కు. పాత ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలుకు తగినట్లు తయారైనవి. భారతదేశంలో 2000 సంవత్సరంలో సీసం లేని పెట్రోలు తప్పనిసరి అయింది. సీసం లేనందువల్ల పోత ఇనుప హెడ్లలోని వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి, కాబట్టి గట్టి ఉక్కు సీట్లు బిగించవలసి ఉంటుంది. పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరడంతో పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు మెత్తబడి కారే సమస్య తోడయింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని కారులో ట్యాంకు లోపలివైపు తుప్పు పడుతుంది.

అసలు రూపం, నకిలీలు

ఎంతవరకు బాగుచేయాలన్నది ఈ రంగంలో తెగని వివాదం. ఒకప్పుడు రంగు, తోలు, క్రోమియం పూత అన్నీ కొత్తవి చేసి, కారును తయారైన నాటికంటే మెరిసేలా చేయడం గొప్పగా ఉండేది. అలా చేసినప్పుడు మొదటి పనివారి చేతి గుర్తులు, పాత యజమానుల వాడకం తాలూకు అరుగుదల శాశ్వతంగా పోతాయి. బైయాన్ కార్ల వేలం చూపినట్లు, ముట్టుకోని కారుకే ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడే కొనుగోలుదారులు తరువాత వచ్చారు. ఫీవా రూపొందించిన టురిన్ ఛార్టర్ కట్టడాల పరిరక్షణకు సంబంధించిన 1964 నాటి వెనిస్ ఛార్టర్‌ను ఆదర్శంగా తీసుకొన్నది. ఉన్నదానిని కాపాడడమే మొదటి కర్తవ్యమని, కొత్తగా చేర్చిన భాగాలు గుర్తించదగినట్లు ఉండాలని దాని సారాంశం. ఐతే నడవని కారును ఉన్నదున్నట్లు కాపాడడం మ్యూజియానికి సాధ్యమే గాని, రోడ్డు మీద నడపదలచిన యజమానికి కాదు.

ధరలు పెరిగినందువల్ల కలిగిన పెద్ద నష్టం ఫెరారీ 250 జీటీఈ కారుకు జరిగింది. 1960–63 మధ్య సుమారు 950 తయారైన ఈ నాలుగు సీట్ల కారులో కూడా జీటీఓ తరహా మూడు లీటర్ల వీ12 ఇంజనే ఉన్నది. జీటీఓ ధర ఆకాశానికి అంటిన తరువాత, చవకగా దొరికే జీటీఈలను ఎందరో విప్పి, వాటి చాసిస్, ఇంజన్లతో జీటీఓ నకళ్ళు తయారుచేయించారు. ఇప్పుడు మిగిలిన జీటీఈలకే మంచి ధర ఉన్నది. ఈ కారణం చేత కొనుగోలుదారులు చాసిస్, ఇంజను నంబర్లు కర్మాగారపు రికార్డులతో సరిపోతున్నాయా అని పరిశీలిస్తారు.

భారతదేశంలో

భారతదేశంలో పాత కార్ల అభిమానానికి మూలం సంస్థానాధీశుల గ్యారేజీలు. సంస్థానాలు విలీనమై, 1971లో రాజభరణాలు రద్దయిన తరువాత ఈ కార్లలో ఎన్నో అమ్ముడుపోయాయి, కొన్ని దేశం దాటాయి. స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో ప్రారంభించిన ర్యాలీ ఈ రంగంలో పాతది. అహ్మదాబాదు, ఉదయపూర్, కోయంబత్తూరులలో కార్ల మ్యూజియంలు ఉన్నాయి. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల కార్లను చూడవచ్చు. వాటిలో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ప్రసిద్ధమైనది. దానిని ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించారు. ఆయన 1911లో మరణించినందున అందులో ప్రయాణించే అవకాశం కలగలేదు.

రాజుల కార్లకు కొనేవారున్నారు. మధ్యతరగతి వారి కార్ల సంగతి వేరు. ముంబై నగర టాక్సీగా పేరుపొందిన ప్రీమియర్ పద్మినీలలో చివరిది 20 ఏళ్ళ వయోపరిమితి ముగిసి 2023 అక్టోబరులో సేవ నుండి తప్పుకొన్నది. అంబాసడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. మొట్టమొదటి మారుతి 800 తాళాలను 1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరా గాంధీ కొనుగోలుదారుకు అందజేశారు. ఆ యజమాని 2010లో మరణించే వరకు దానిని అమ్మలేదు. తరువాత అది ఢిల్లీ వీధిలో ఆరుబయట తుప్పు పట్టింది. దాని ఫొటోలు ప్రచారంలోకి వచ్చిన తరువాతనే బాగుపడి, 2022లో మారుతి సంస్థ ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకు చేరింది.

2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ వింటేజ్ వాహనాలకు నిబంధనలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్లలో గణనీయమైన మార్పు లేని వ్యక్తిగత వాహనాలకు నంబరులో "వీఏ" అక్షరాలు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, తిరిగి రిజిస్ట్రేషనుకు 5,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు. ఇవి ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం నింపుకొనడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కవచ్చు. 50 ఏళ్ళు నిండని కారు మామూలు పాత వాహనమే. వ్యక్తిగత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది, తరువాత ఐదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. 15 ఏళ్ళు దాటిన కారుకు ఈ రుసుము 2022 ఏప్రిల్ నుండి 600 రూపాయలకు బదులు 5,000 రూపాయలైంది. పొడిగించుకోక కాగితాలు చెడిన కారును బాగుచేయడం తుప్పును బాగుచేయడం కంటే కష్టం. 1989కి ముందు నాటి మూడక్షరాల నంబరు, అసలు ఆర్.సీ. పుస్తకం ఉన్న కారును సేకర్తలు వెతికి కొనడానికి ఇది ఒక కారణం.

ఈ లెక్కన పద్మినీ పేరుతో 1974లో అమ్ముడైన మొదటి కార్లు 2024లో 50 ఏళ్ళు నిండించుకొన్నాయి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 వింటేజ్ హోదా పొందాలంటే 2033 డిసెంబరు వరకు ఆగవలసి ఉంటుంది.