వి.పి. కట్ట నుండి అంతర్జాలపు అంగడి దాకా

నీళ్ళలో ఉన్న గేదెను గట్టు మీద నిలబడి బేరమాడినట్లు, సరుకును కంట చూడకుండా, అమ్మేవాడి ముఖమెరుగకుండా కొనడం అంతర్జాలంతోనే పుట్టిందని చాలామంది అభిప్రాయం. అది సరి కాదు. మన దేశంలో ఈ వ్యాపారానికి దాదాపు 150 ఏళ్ళ చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలిస్తే, నేడు మనం పడవలసిన జాగ్రత్తలేమిటో కూడా తేటపడుతుందని నా నమ్మకం.

1877లో మన తపాలా శాఖ వి.పి. పద్ధతిని ప్రవేశపెట్టింది. అమ్మేవాడు సరుకును కట్టగట్టి తపాలాలో పంపుతాడు. తపాలా జవాను దానిని కొన్నవాడి గుమ్మానికి తెచ్చి, వెల పుచ్చుకొని, కట్ట ఇస్తాడు. ఆ సొమ్ము అమ్మినవాడికి చేరుతుంది. 1880లో మనియార్డరు కూడా తపాలా శాఖ చేతికి వచ్చింది. ఒకరినొకరు ఎరుగని ఇద్దరి నడుమ, ఇద్దరూ నమ్మే మూడవవాడు నిలబడ్డాడన్నమాట.

1890లలో తూర్పు తీరపు రైలుమార్గం విజయనగరం మీదుగా సాగింది. శ్రీకాకుళం పట్టణానికి రైలు రాలేదు. ఆమదాలవలస స్టేషనే 'శ్రీకాకుళం రోడ్డు' అయింది. నగరాలకు దూరంగా ఉన్న మా ప్రాంతపు చదువరులకు వి.పి. పెద్ద ఆసరా. నేను తెలుగు పండితుడిగా పనిచేసిన రోజుల్లో కూడా, పుస్తకాల జాబితా చివర వి.పి.లో పంపబడునన్న మాట కనబడితే ప్రాణం లేచివచ్చేది. అయితే ఒక చిక్కు. వెల చెల్లించాకే కట్ట విప్పాలి. లోపల కోరిన పుస్తకమున్నదో, చిత్తుకాగితాలున్నవో జవానుకు మాత్రం ఏమి తెలుసు?

ఈ చిక్కును ఆనాటి ప్రభుత్వమూ గుర్తించింది. నిజంగా వచ్చిన ఆర్డరు మేరకే ఈ వస్తువును పంపుతున్నానని పంపేవాడు ధ్రువపరచాలని 1898 నాటి తపాలా చట్టం కింద నియమం ఏర్పడింది. మోసమని తేలితే వసూలైన సొమ్మును నిలిపివేసి, కొన్నవాడికి తిరిగి ఇచ్చే వీలునూ కల్పించారు. అడగని కట్టను గుమ్మంలో పెట్టి వెల అడిగే మోసం నేటికీ ఉన్నది. ఇంట్లో ఎవరో తెప్పించి ఉంటారులే అని డబ్బు ఇచ్చేయడమే దానికి ఊపిరి. ఎవరు ఆర్డరు పెట్టారో ఇంట్లో అడిగి తెలుసుకోకుండా పైసా ఇవ్వరాదు.

2007లో బెంగుళూరులో పుస్తకాలమ్ముతూ మొదలైన ఫ్లిప్‌కార్ట్, 2010లో 'క్యాష్ ఆన్ డెలివరీ' తెచ్చింది. పేరు కొత్తదే గాని, నాకది మన వి.పి.కి మనుమడిలా కనబడుతుంది. 2016లో యూపీఐ వచ్చిన తరువాత ముందే చెల్లించడం అలవాటైంది. ఇక్కడ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. పిన్ను నొక్కేది డబ్బు ఇవ్వడానికే గాని పుచ్చుకోవడానికి కాదు. వాపసు ఇస్తాము, పిన్ను నొక్కండి అన్నవాడు దొంగే.

ఇక మన సంగతి. అంతర్జాలపు అంగడిలో మన జిల్లాలవారు కొనేవారే కాదు, అమ్మేవారు కూడా. పొందూరు ఖద్దరునే తీసుకోండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేతితో నూరో నంబరు నూలు వడికి, చేమగ్గం మీద నేసే బట్ట అది. అక్కడి ఖాదీ కార్మికుల సంఘం 1949లో ఏర్పడింది. అంత శ్రమ పడిన బట్ట మిల్లు బట్ట ధరకు రాదు. తెర మీది బొమ్మలో రెండూ ఒకేలా తెల్లగా ఉంటాయి. పొందూరు పేరు పెట్టి మరేదో అంటగడితే కొన్నవాడు ఒకసారి నష్టపోతాడు. వడికిన ఆడకూతురు కూలికి మాత్రం రోజూ గండే. 2013లో ఖాదీ మార్కు నిబంధనలు వచ్చినందువల్ల, ఖాదీ పేరిట అమ్మే బట్టకు ఆ గుర్తు ఉండాలి. ధర మరీ తక్కువగా కనిపిస్తే సంతోషించక, ముందు అమ్మేవాడెవరో చూడాలి.

చట్టం కూడా ఎదిగింది. 1986 వినియోగదారుల చట్టం ప్రకారం అమ్మినవాడున్న చోటనో, వ్యవహారం జరిగిన చోటనో ఫిర్యాదు చేయవలసి ఉండేది. 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 చట్టం, కొన్నవాడు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చింది. పాలకొండ మనిషి తన వ్యాజ్యానికి బెంగుళూరు రైలెక్కనక్కరలేదు. 2020 ఇ-కామర్స్ నియమాల ప్రకారం అంగడి నడిపేవారు అమ్మకందారు వివరాలు చూపాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. వినియోగదారుల సహాయానికి 1915, సొమ్ము కాజేసే సైబరు మోసాలకు 1930 నంబర్లున్నాయి. రెండవదానికి ఎంత త్వరగా ఫోను చేస్తే సొమ్ము ఆగే అవకాశం అంత ఎక్కువ.

నాడు వి.పి. రసీదును దూలంలో గుచ్చి దాచుకునేవారు. నేడు ఆర్డరు నంబరూ, బిల్లూ, కట్ట విప్పుతూ తీసిన వీడియో దాచుకోవాలి. వ్యాజ్యం వస్తే మన పక్షాన పలికే సాక్ష్యాలు అవే. మీ పెద్దల నోట వి.పి. కాలపు ముచ్చట్లేమైనా విని ఉంటే తెలియజేయగలరు.