మామిడి కొమ్మ మీది వదనిక: రెండు మొక్కలు, ఒకే పేరు



మామిడి కోతలయ్యాక కొమ్మలు శుభ్రం చేసేటప్పుడు కత్తికి రెండు రకాల మొక్కలు తగులుతాయి. ఒకటి మందపాటి ఆకులు, గొట్టాల్లాంటి ఎర్రటి పూలు ఉండే బదనిక. ఇంకోదానికి పట్టీల్లాంటి ఆకులు అటూ ఇటూ వరసగా ఉంటాయి, లావుపాటి తెల్లటి వేర్లు బెరడును పట్టుకుని ఉంటాయి. దాన్నీ బదనిక అనో, వదనిక అనో అంటాం. పేరు ఒకటే కాబట్టి శిక్షా ఒకటే, నరికి కింద పడేయడం. కానీ ఈ రెండోది అడవి ఆర్కిడ్.

ఈ గందరగోళం ఇవాళ్టిది కాదు. అమరకోశంలోనే "వందా" అనే మాటకు వృక్షాదని, వృక్షరుహ అని పర్యాయపదాలున్నాయి. మొదటిదానికి చెట్టును తినేది అని అర్థం, రెండోదానికి చెట్టు మీద పెరిగేది అని. రెండూ ఒకటెలా అవుతాయి చెప్పండి? బదనిక కొమ్మలోకి వేరు దించి రసం పీలుస్తుంది. ఆర్కిడ్ వేరు బెరడు మీదే ఆగి వాన నీటినీ, గాలిలో తేమనూ పట్టుకుంటుంది. ఒకడు మన గాదెలో చెయ్యి పెట్టేవాడు, ఇంకొకడు మన అరుగు మీద కూర్చుని తన సద్ది తాను తినేవాడు.

దీనికి శాస్త్రీయంగా పేరు పడింది మన వైపు మొక్కల వల్లే. 1781లో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ డాక్టరు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం మీద సామర్లకోట వచ్చాడు. మొక్కల తెలుగు పేర్లు రాసుకున్నాడు, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం లండన్‌లో మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో వచ్చింది. అందులో మన ఆర్కిడ్ పేరు ఎపిడెండ్రమ్ టెసెల్లాటమ్. పూరేకుల మీద గళ్ళు ఉంటాయి కదా, టెసెల్లాటమ్ అంటే అదే, గళ్ళది.

1820లో రాబర్ట్ బ్రౌన్ మన "వందా" మాటనే తీసుకుని దీన్ని వాండా అనే కొత్త ప్రజాతిలో పెట్టి, వాండా రాక్స్‌బర్గీ అన్నాడు. అయితే ముందు రిజిస్టరైన దస్తావేజే చెల్లినట్టు, మొక్కకు మొదట పెట్టిన పేరుకే హక్కు. అందుకే ఇప్పుడది వాండా టెసెల్లాటా.

ఇంకో విశేషం వినండి. 1831లో ఇదే బ్రౌన్ ఆర్కిడ్ కణాలను సూక్ష్మదర్శినిలో చూస్తూ, ప్రతి కణంలో కనిపించిన గుండ్రటి భాగానికి న్యూక్లియస్ అని పేరు పెట్టాడు. డీఎన్ఏలో ఎక్కువ భాగం ఉండేది అక్కడేనని తర్వాతి తరాలకు తెలిసింది.

ఆ డీఎన్ఏతో ఏం పని అంటారా? పూత ఉంటే పువ్వు చూసి చెప్పొచ్చు. ఎండిన వేరు చూసి చెప్పడం కష్టం. ఆయుర్వేదంలో రాస్నా అనే మందు పేరుతో ఒక చోట వాండా వేరు, ఇంకో చోట మన దుంపరాష్ట్రం, మరో చోట ఇంకో మొక్క అమ్ముడవుతాయి. నొప్పులకు మందు కొనేవాడికి ఏది ఇస్తున్నారో తేలాలి కదా. 2009లో శాస్త్రవేత్తలు మొక్కల గుర్తింపుకి రెండు జన్యువులను ఎంచారు, ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే అని. అయితే అవి ఆకుపచ్చ రేణువుల్లో ఉంటాయి, చాలా మొక్కల్లో తల్లి నుంచే వస్తాయి. హైబ్రిడ్ విత్తనం పండించినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆడ వరస ఒక్కటే చూస్తే మగ వరస తెలియదు. అందుకే న్యూక్లియస్‌లోని డీఎన్ఏనూ, పువ్వు రూపాన్నీ కలిపి చూస్తారు. ఇలా చూశాకే కొన్ని వేరే ప్రజాతుల మొక్కలు కూడా వాండాలోకి వచ్చి చేరాయి.

ఏ మొక్కో తేలాకే అది ఎక్కడుందో పటం గీయగలం. భారత వృక్ష సర్వేక్షణ సంస్థ 2019లో మన దేశంలో 1,256 రకాల ఆర్కిడ్లున్నాయని పుస్తకం వేసింది. వాటిలో 388 ఇంకెక్కడా లేవు. అరుదైనవాటి చోటు మాత్రం పటంలో కచ్చితంగా చూపించరు. చూపిస్తే దొంగలు సంచులతో బయల్దేరతారు.

కాబట్టి ఈసారి కత్తి ఎత్తే ముందు ఆ మొక్క మొదలు చూడండి. వేరు కొమ్మలోకి దిగి, అక్కడ కొమ్మ ఉబ్బి ఉంటే బదనిక, తీసేయండి. బెరడు మీద పాకి ఉంటే దాని మానాన దాన్ని వదిలేయండి. దాని విత్తనం దుమ్ములా గాల్లో ఎగురుతుంది, సరైన బూజు తోడు దొరికితేనే మొలుస్తుంది. ఒకసారి నరికితే మళ్ళీ అదే కొమ్మ మీదికి ఎప్పుడొస్తుందో చెప్పలేం.

మీ ఊళ్ళో ఈ రెండింటికీ వేరు వేరు పేర్లుంటే రాయండి. రాక్స్‌బర్గ్ దొర రాసుకున్నాడు, మనం రాసుకోకపోతే ఎలా?