రాతినార రోగము – రక్తములోని గుర్తు



మన పల్లెలలో ఇండ్లపై గప్పెడి సిమెంటు రేకులలో అనేకములు రాతినార కలిపి చేసినవే. కడప మండలమున పులివెందుల ప్రాంతమునందును ఈ ఖనిజమును పూర్వము త్రవ్వి తీసిరి. ఇది నిప్పునకు గాలదు, నీటికి గుళ్లదు. ఊపిరితో లోనికి జొచ్చిన సన్నని పోగును మన దేహము కరిగింపజాలదు. అది యచటనే నిలిచి ఏండ్లతరబడి బాధించును.

ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున రాతినార వడకెడి కర్మాగారములో పనిచేసిన నెల్లీ కెర్షా యను స్త్రీ 1924లో మరణించెను. డాక్టరు కుక్ ఆమె ఊపిరితిత్తులలో రాతిరేణువులను జూచి ఆ యేటనే ప్రకటించెను. ఊపిరితిత్తుల క్యాన్సరునకును దీనికిని గల సంబంధమును 1955లో రిచర్డు డాల్ లెక్కలతో జూపెను. 1960లో దక్షిణాఫ్రికాయందు వాగ్నరు మొదలగువారు ఊపిరితిత్తులను గప్పెడి పొరకు వచ్చిన క్యాన్సరును 33 మందిలో వర్ణించిరి. వారిలో కొందరు గనిలో దిగినవారే కారు. బాల్యమున గనుల చెంత నివసించినవారు.

దీనికి మెసొథీలియోమా యని పేరు. దుమ్ము పీల్చిన ముప్పది, నలువది యేండ్లకు గాని ఇది బయటపడదు. రొమ్ములో నీరుచేరి ఆయాసము గలుగునప్పటికి రోగము ముదిరియుండును. కావున ముందుగా దెలుపు గుర్తుకై వైద్యులు రక్తమున వెదకిరి. ఆ పొర కణములపై మెసొథెలిన్ అను మాంసకృత్తు గలదు. క్యాన్సరు కణములు దానిని రక్తములోనికి విడుచును. 2003లో ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున రాబిన్సను మొదలగువారు 44 మంది రోగులను పరీక్షింపగా 37 మందిలో అది హెచ్చుగా నుండెను. రోగము లేకయే రాతినార సోకిన 40 మందిలో ఏడుగురికి హెచ్చియుండెను. అయిదేండ్లలోపల ఆ యేడుగురిలో ముగ్గురికి ఈ రోగమే వచ్చెను.

అయినను ఈ పరీక్షనే నమ్మి యూరకుండరాదు. ఆరంభదశలో పలువురికి ఆ గుర్తు కనబడదు. మూత్రపిండములు చెడినవారిలో రోగము లేకున్నను హెచ్చును. అందుచే నేటికిని పొరనుండి చిన్న ముక్కను దీసి పరీక్షించియే నిశ్చయింతురు. ఆ ముక్కలో బి.ఏ.పి.1 అను మాంసకృత్తు లోపించెనా యని చూచుట ఇప్పుడు మిక్కిలి తోడ్పడుచున్నది.

రక్తము చెప్పలేని సంగతి నొకదానిని మీరు చెప్పగలరు. ఊరిలో ఎవరు ఏ గనిలో, ఏ రేకుల కర్మాగారములో పనిచేసిరో మీకు జ్ఞాపకమున్నది. ఆయాసముతో వైద్యునొద్దకు బోవువానిచేత నలువదియేండ్లనాటి ఆ పనిని దప్పక చెప్పింపుడు. పాత రేకులను రంపముతో గోయనీయకుడు. విరిగినవానిని తడిపిన పిమ్మటనే తీయింపుడు.